కొలిచేది ప్రజలు, జవాబు చెప్పాల్సింది ఎవరు?

క్లుప్తంగా

పర్యావరణ చట్టాలకు చాలా దేశాల్లో కొదవ లేదు. వాటి అమలును రోజూ కనిపెట్టి చూసే మనుషులకే కొదవ. ఆ ఖాళీలోకి పౌరులు దిగి గాలి, నీరు, అడవి, భూగర్భ జలాల పరిస్థితిని తామే కొలిచి, రాసి, అడగడాన్ని పౌర పర్యవేక్షణ అంటున్నారు. ఇప్పటిదాకా ఉన్న అనుభవాల్లో కొలత ఒక్కటే మార్పు తెచ్చిన సందర్భాలు తక్కువ. సమాచారం చేతికి అందాలి, కొలిచిన పద్ధతి ప్రశ్నకు నిలబడాలి, వచ్చిన లెక్కకు ఎవరో ఒకరు గడువులోగా స్పందించక తప్పని ఏర్పాటు ఉండాలి. ఎక్కువ ప్రయత్నాలు ఈ మూడో లంకె దగ్గరే తెగిపోతున్నాయి.

ఒకే నీరు, రెండు లెక్కలు

2014 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి తాగునీటి సరఫరాను మార్చుకుంది. అప్పటిదాకా డెట్రాయిట్ వ్యవస్థ నుంచి నీరు వచ్చేది. ఆ తర్వాత ఫ్లింట్ నది నీటిని శుద్ధి చేసి కుళాయిలకు వదిలారు. ఈ నీటికి లోహపు పైపులను తినేసే గుణం ఎక్కువ. దాన్ని అదుపు చేసే రసాయనం కలపాల్సి ఉండగా కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీటిలోకి దిగింది. రంగు మారిన నీటిని సీసాల్లో పట్టుకుని జనం అధికారుల దగ్గరికి వెళ్లారు. పరీక్షల్లో అంతా పరిమితికి లోబడే ఉందన్నది వాళ్లకు వచ్చిన జవాబు.

2015లో స్థానికులు వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి తమ కుళాయిల నీటిని తామే పట్టి పంపారు. 300 కిట్లు పంచితే దాదాపు 270 తిరిగి వచ్చాయి. అమెరికా నిబంధనలో ఒక మెలిక ఉంది. అన్ని శాంపిళ్ల రీడింగులనూ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, 90వ శాతం దగ్గర ఉన్న అంకెను చూస్తారు. అది వంద కోట్ల భాగాల్లో 15 భాగాలు దాటితే చర్య తీసుకోవాలి. పౌరుల శాంపిళ్లలో ఆ అంకె 25 దాటింది.

ఒకే ఊరి నీటికి రెండు ఫలితాలు రావడానికి కారణం పరికరం కాదు, పద్ధతి. అధికారిక పరీక్షలో శాంపిల్ తీసే ముందు రాత్రి కుళాయిని కాసేపు తిప్పి వదిలేయమని ఇళ్లవాళ్లకు చెప్పారు. అలా చేస్తే పైపులో నిలిచి సీసం పట్టిన నీరు ముందే పోతుంది. పైగా రెండు ఎక్కువ రీడింగులను జాబితాలోంచి తొలగించారు. అవి ఉంచి ఉంటే ప్రభుత్వ లెక్క కూడా పరిమితి దాటేది. పౌరులు మాత్రం నీరు పైపుల్లో గంటల తరబడి నిలిచాక మొదటి ధారను పట్టారు. పిల్లల రక్తంలో సీసం పెరిగిందని స్థానిక వైద్యురాలు అదే ఏడాది సెప్టెంబరులో లెక్కలతో బయటపెట్టారు. అక్టోబరులో నగరం మళ్లీ డెట్రాయిట్ నీటికి మారింది.

దీన్ని ప్రజలు గెలిచిన కథగా చెప్పుకోవడం మామూలే. రెండో వైపు నుంచి చూస్తే, నీరు మారాక ఏడాదిన్నర పాటు సీసాలో తెచ్చిన నీటికి లెక్కతో సమాధానం చెప్పాల్సిన పని ఎవరి మీదా గట్టిగా పడలేదు. పౌర పర్యవేక్షణ గురించిన చర్చ అంతా ఈ రెండు వైపుల మధ్య నడుస్తుంది.

తనిఖీ రోజున అంతా బాగానే ఉంటుంది

అసలు పౌరులు ఎందుకు కొలవాల్సి వస్తోంది? ప్రభుత్వ సంస్థల్లో సిబ్బంది చాలకపోవడం ఒక కారణం, అది అందరికీ తెలిసిందే. అంతకంటే లోతైన కారణం నియంత్రణ వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది. చాలా దేశాల్లో కాలుష్య నియంత్రణ స్వయం నివేదికల మీద నడుస్తుంది. ఫ్యాక్టరీ తన పొగను, తన మురుగును తానే కొలుచుకుని పంపుతుంది. భారత్‌లో పర్యావరణ అనుమతి పొందిన ప్రాజెక్టు షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. దాన్ని రాసేదీ ప్రాజెక్టు యాజమాన్యమే.

బయటి ఆడిటర్‌ను పెడితే ఈ చిక్కు తీరుతుందా అంటే, తప్పకుండా తీరుతుందని చెప్పలేం. దీనికి గుజరాత్‌లో 2009 నుంచి జరిగిన ఒక ప్రయోగం మంచి ఉదాహరణ. అక్కడ ఫ్యాక్టరీలు తమ ఆడిటర్‌ను తామే ఎంచుకుని, తామే ఫీజు కట్టే పద్ధతి ఉండేది. ఆ ఆడిటర్ల నివేదికల్లో రీడింగులు చిత్రంగా పరిమితికి కాస్త దిగువనే గుంపుగా చేరేవి. తిరిగి కొలిస్తే చాలా ఫ్యాక్టరీలు నిజంగా పరిమితి దాటి ఉన్నాయి. ప్రయోగంలో కొన్ని ఫ్యాక్టరీలకు లాటరీ పద్ధతిలో ఆడిటర్‌ను కేటాయించి, ఫీజును ఉమ్మడి నిధి నుంచి చెల్లించి, కొన్ని రీడింగులను మళ్లీ సరిచూశారు. ఆడిటర్ల లెక్కలు నిజానికి దగ్గరయ్యాయి. ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. అవే పరికరాలు, అదే వృత్తి. మారినవల్లా ఆడిటర్‌ను ఎంచుకునే, జీతం ఇచ్చే, లెక్క సరిచూసే చేతులు.

ఇక ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చేది ఏడాదిలో ఏ ఒకటి రెండు రోజులో. ఫ్యాక్టరీ పక్కన కాపురం ఉన్నవాళ్లు 365 రోజులూ అక్కడే ఉంటారు. విషవాయువు తరచుగా ఏ అర్ధరాత్రో పావుగంట వచ్చి పోతుంది. అధికారి చేరేసరికి గాలి మామూలైపోతుంది. పౌరుల ప్రధాన బలం శాస్త్ర జ్ఞానం కాదు, ఆ సమయానికి అక్కడ ఉండటం.

అడవి, చేపలు, భూగర్భ జలాల సంగతి ఇంకా కష్టం. ఫ్యాక్టరీకి ఒక చిమ్నీ, ఒక కాలువ ఉంటాయి, అక్కడ మీటరు పెట్టొచ్చు. వేల మంది రైతులు వేల బోర్లతో తోడే నీటికి, నాలుగు దిక్కుల నుంచి చెట్లు నరికే అడవికి మీటరు పెట్టడానికి చోటే ఉండదు.

భోపాల్ తర్వాత తెరుచుకున్న లెక్కల పుస్తకం

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ లీకైంది. తమ పక్కన ఏ రసాయనం నిల్వ ఉందో, పీలిస్తే ఏం చేయాలో చుట్టుపక్కల వాళ్లకు తెలియదు. ఈ దుర్ఘటన ప్రభావం దూరాన ఇంకో దేశపు చట్టంలో కనిపించింది. అమెరికా 1986లో తెచ్చిన చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణానికి మించి విషపదార్థాలు వాడే ఫ్యాక్టరీలు తాము గాల్లోకి, నీళ్లలోకి, నేలలోకి వదిలినదాన్ని ఏటా ప్రకటించాలి. ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు.

ఆ చట్టం కాలుష్యానికి కొత్త పరిమితులేవీ పెట్టలేదు, చెప్పమని మాత్రమే అడిగింది. 1987 సంవత్సరపు లెక్కలు 1989లో మొదటిసారి బయటికి రాగానే పత్రికలు అత్యధికంగా వదిలే కంపెనీల జాబితాలు వేశాయి. పేర్లు వచ్చిన కంపెనీల షేర్లు దెబ్బతిన్నాయి. కొన్ని యాజమాన్యాలు తమంతట తామే తగ్గింపు లక్ష్యాలు ప్రకటించాయి. లోపాలూ ఉన్నాయి. అంకెల్లో చాలావరకు కంపెనీలు వేసుకున్న అంచనాలు. బరువు ఒకటే అయినా రెండు రసాయనాల విషం ఒకటి కాదన్న సంగతి ఆ పట్టికల్లో వెంటనే కనిపించదు.

ఇండొనేషియా 1995లో ఇదే ఆలోచనను రంగుల్లోకి మార్చింది. ఫ్యాక్టరీలకు బంగారు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు గ్రేడులు ఇచ్చింది. మొదటి విడతలో 187 ఫ్యాక్టరీలను చూశారు. మంచి గ్రేడు వచ్చినవాటి పేర్లు ముందు చెప్పి, మిగతావాటికి సర్దుకోవడానికి కొన్ని నెలల గడువిచ్చారు. పొగలో ఏముందో అర్థం కాని మనిషికి కూడా నలుపు అంటే ఏమిటో తెలుస్తుంది.

అంతర్జాతీయ ఒప్పందాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1992 నాటి రియో ప్రకటన పదో సూత్రం మూడు విషయాలను ఒక్క తాటి మీదికి తెచ్చింది. అవి సమాచారం పొందడం, నిర్ణయాల్లో పాల్గొనడం, న్యాయం కోరడం. యూరప్ ప్రాంత దేశాలు 1998లో సంతకాలు చేసిన ఆర్హుస్ ఒప్పందం దీన్ని చట్టబద్ధం చేసి 2001లో అమల్లోకి వచ్చింది. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాల ఎస్కజూ ఒప్పందం 2018లో కుదిరి 2021 ఏప్రిల్ 22న అమల్లోకి వచ్చింది. పర్యావరణం కోసం నిలబడేవారి రక్షణను ప్రత్యేకంగా ప్రస్తావించిన మొదటి ఒప్పందం అదే. భారత్‌లో ఈ మూడు పాయలు వేర్వేరు చట్టాల్లో ఉన్నాయి. సమాచారం కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం, పాల్గొనడానికి ప్రజాభిప్రాయ సేకరణ, గ్రామసభలు, న్యాయం కోసం 2010లో ఏర్పడ్డ జాతీయ హరిత ట్రిబ్యునల్.

బకెట్ నుంచి ఉపగ్రహం దాకా

పౌరుల చేతి పరికరాల్లో బాగా పేరున్నది ఒక ప్లాస్టిక్ బకెట్. 1990ల మధ్యలో కాలిఫోర్నియాలో శుద్ధి కర్మాగారాల పక్కన ఉండేవాళ్ల కోసం దీన్ని తయారు చేశారు. లోపల ప్రత్యేకమైన సంచి ఉంటుంది. వాసన వచ్చిన క్షణంలో కవాటం తిప్పితే చుట్టూ ఉన్న గాలి సంచిలోకి చేరుతుంది. దాన్ని ల్యాబ్‌కి పంపితే ఏ వాయువు ఎంత ఉందో తేలుతుంది. లూసియానాలోని నార్కో పట్టణంలో రసాయన ఫ్యాక్టరీకి, చమురు శుద్ధి కర్మాగారానికి మధ్య చిక్కుకున్న డైమండ్ అనే కాలనీ వాళ్లు ఇలాంటి శాంపిళ్లనే తమ పోరాటానికి ఆధారం చేసుకున్నారు. 2002లో కంపెనీ వారి ఇళ్లు కొని వేరే చోటికి వెళ్లే వీలు కల్పించడానికి ఒప్పుకుంది. అదే పద్ధతి 2004 నాటికి తమిళనాడులోని కడలూరు రసాయన పారిశ్రామికవాడ గ్రామాలకూ చేరింది.

బకెట్‌కు ఒక పరిమితి ఉంది. అది కొన్ని నిమిషాల గాలిని పడుతుంది. చట్టపు ప్రమాణాలు సాధారణంగా 24 గంటల సగటు మీదో, ఏడాది సగటు మీదో ఉంటాయి. నాలుగు నిమిషాల రీడింగు ఎంత భయంకరంగా ఉన్నా, ప్రమాణం ఉల్లంఘన జరిగిందని దానితో రుజువు చేయలేరని అధికారులు అనగలరు. ఆ మాట సాంకేతికంగా తప్పు కాదు. ఊపిరి ఆడని ఆ నాలుగు నిమిషాలు మాత్రం సగటులో కరిగిపోతాయి.

2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత జపాన్‌లో పుట్టిన సేఫ్‌కాస్ట్ అనే వాలంటీర్ల బృందం ఈ సమస్యను సంఖ్యాబలంతో దాటే ప్రయత్నం చేసింది. వాలంటీర్లు రేడియేషన్ కొలిచే చిన్న పరికరాన్ని కార్లకు తగిలించి వీధి వీధీ తిరిగారు. జీపీఎస్‌తో కలిపి నమోదైన రీడింగులు పది కోట్లు దాటాయి. అన్నీ ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచారు. ప్రమాద కేంద్రం నుంచి ఎన్ని కిలోమీటర్లు అన్న గీతల కంటే, గాలి ఎటు వీచింది, వాన ఎక్కడ పడింది అన్నవే కలుషితమైన చోట్లను నిర్ణయించాయి. వీధి స్థాయి కొలతలు ఉంటేనే అలాంటి తేడాలు కనిపిస్తాయి.

గాలిలోని సన్నని ధూళిని, అంటే పీఎం 2.5ని కొలిచే చవక సెన్సర్లు ఇప్పుడు ఇళ్ల కిటికీల దాకా వచ్చాయి. ఇవి లేజర్ కాంతి ధూళికణాలకు తగిలి ఎంత చెదిరిందో చూసి లెక్క కడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. కాంతి ఎక్కువ చెదురుతుంది, సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ ధూళి చూపిస్తుంది. ప్రభుత్వ పరికరం పక్కన కొన్నాళ్లు ఉంచి సరిపోల్చి, తేమను బట్టి సవరణ సూత్రం వాడితే ఈ తప్పు చాలావరకు పోతుంది. సవరణ లేకుండా స్క్రీన్‌షాట్ తీసి పెడితే ఒక్క వానాకాలపు ఉదయం చాలు, ఆ సెన్సర్ నెట్‌వర్క్ మొత్తం పరువు పోవడానికి.

ఉపగ్రహాల సంగతి వేరు. అమెరికా 2008లో తన ల్యాండ్‌శాట్ చిత్రాలను ఉచితం చేయడంతో అడవుల నరికివేతను ఎవరైనా దూరం నుంచి చూసే దారి తెరుచుకుంది. 2014లో మొదలైన గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ ఆ చిత్రాలను మామూలు మనిషి చూడగలిగే మ్యాపులుగా మార్చింది. చెట్లు పోయాయని ఉపగ్రహం చెబుతుంది. ఎవరు కొట్టారు, అనుమతి ఉందా, అది పోడు భూమా, దొంగ కలపా అన్నది నేల మీద నిలబడ్డ మనిషే చెప్పాలి.

కొలిచేవాడే వాడుకునేవాడైతే

సహజ వనరుల విషయంలో పౌర పర్యవేక్షణ కొత్త మాటేమీ కాదు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ప్రధాన చర్చి తలుపు ముందు జల న్యాయస్థానం కూర్చుంటుంది. సాగునీటి కాలువల రైతులు తమలోంచి ఎన్నుకున్న ప్రతినిధులే న్యాయమూర్తులు. వాదనలు నోటిమాటగానే సాగుతాయి, తీర్పు అక్కడికక్కడే వస్తుంది. ఏ కాలువ మీద గొడవ వచ్చిందో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో పాల్గొనడు. శతాబ్దాలుగా నడుస్తున్న ఈ ఏర్పాటును యునెస్కో 2009లో వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ ఇలాంటి ఉమ్మడి వనరులను దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు. చాలాకాలం నిలిచిన వ్యవస్థల్లో ఆమె గమనించిన లక్షణాల్లో ఒకటి, కాపలా కాసేవారు వాడుకునేవారిలోనివారే కావడం, లేదా వాడుకునేవారికి జవాబుదారీగా ఉండటం. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది అన్నది ఇంకో లక్షణం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో నడిచిన భూగర్భ జల ప్రాజెక్టు దీనికి ప్రపంచవ్యాప్తంగా చెప్పుకునే ఉదాహరణ. రైతులే వర్షమాపకాల్లో వాన కొలిచారు, పరిశీలక బావుల్లో నీటిమట్టం నమోదు చేశారు. రబీకి ముందు కూర్చుని భూమిలో ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేశారు. దాన్ని పంట నీటి బడ్జెట్ అన్నారు. బోరు వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు, వరి మానేస్తే డబ్బిస్తామని ఎవరూ అనలేదు. లోటు కనబడ్డప్పుడు చాలామంది రైతులు తమంతట తామే తక్కువ నీటి పంటలకు మళ్లారు. అందరూ మళ్లారని కాదు. అయినా పలు ప్రాంతాల్లో రబీలో తోడే నీరు తగ్గింది.

ఫ్లింట్‌కీ దీనికీ ఉన్న తేడా గమనించదగ్గది. ఫ్లింట్‌లో కొలిచినవాళ్లు ఒకరు, నిర్ణయం తీసుకునేవాళ్లు ఇంకొకరు. ఇక్కడ బావిలో మట్టం చూసిన రైతే ఏ పంట వేయాలో నిర్ణయిస్తాడు. లెక్క నుంచి చర్యకు మధ్య దరఖాస్తు లేదు, ఎదురుచూపు లేదు. 104 పర్యవేక్షణ కార్యక్రమాలను సరిపోల్చి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో కూడా ఇదే కనిపించింది. శాస్త్రవేత్తలే కొలిచే పద్ధతిలో ఫలితం నిర్ణయంగా మారడానికి మూడు నుంచి తొమ్మిదేళ్లు పట్టింది. గ్రామస్థులు పాల్గొన్నవాటిలో ఏడాది లోపే పట్టింది. అయితే ఆ నిర్ణయాలు గ్రామ స్థాయివి. దేశ విధానాలను కదిలించడంలో శాస్త్రవేత్తల లెక్కలదే పైచేయి.

పెరూ అమెజాన్‌లో జరిగిన ప్రయోగం రెండు పద్ధతులనూ కలిపింది. 76 ఆదివాసీ సముదాయాల్లోంచి లాటరీ తీసి 36 చోట్ల స్థానికులను పర్యవేక్షకులుగా ఎంచుకుని, శిక్షణ, స్మార్ట్‌ఫోన్, భత్యం ఇచ్చారు. ఇంటర్నెట్ అందని చోట్లకు ఉపగ్రహ హెచ్చరికలను పెన్‌డ్రైవ్‌లో పంపారు. పర్యవేక్షకులు ఆ చోటికి వెళ్లి చూసి వచ్చి ఊరి సభకు చెప్పేవారు. ఏం చేయాలన్నది సభ నిర్ణయం. మొదటి ఏడాది అడవి నష్టం 52 శాతం తగ్గింది. రెండో ఏడాది తగ్గుదల 21 శాతమే. బ్రెజిల్, చైనా, కోస్టారికా, లైబీరియా, పెరూ, ఉగాండాల్లో ఒకే తరహాలో జరిపిన ప్రయోగాలను కలిపి 2021లో ప్రచురించిన ఫలితం కూడా ఇదే దిశలో ఉంది. సగటున వనరు వాడకం తగ్గింది, వాడుకునేవారి సంతృప్తి పెరిగింది. అయితే ప్రభావం అద్భుతం అనదగ్గంత పెద్దది కాదు.

గుట్టుగా ఫిర్యాదు, నలుగురిలో ఫిర్యాదు

కొలిచేవారు, నిర్ణయించేవారు వేరువేరైనప్పుడు మధ్యలో వంతెన కావాలి. అమెరికా స్వచ్ఛ గాలి చట్టం 1970లో, స్వచ్ఛ జల చట్టం 1972లో పౌరులు నేరుగా కోర్టుకు వెళ్లే వీలు కల్పించాయి. సాధారణంగా ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఈ గడువులో ప్రభుత్వం రంగంలోకి దిగొచ్చు, కంపెనీ తప్పు సరిదిద్దుకోవచ్చు. రెండూ జరగకపోతే కేసు నడుస్తుంది. జల చట్టం కేసుల్లో ఇంకో సౌలభ్యం, కంపెనీ తానే పంపిన నెలవారీ నివేదికలే దానికి వ్యతిరేకంగా సాక్ష్యమవుతాయి. పౌరుడు బకెట్ పట్టుకుని తిరగాల్సిన అవసరం కూడా ఉండదు.

చైనాలో దారి వేరు. అక్కడ 2006లో మా జున్ స్థాపించిన ఒక సంస్థ ప్రభుత్వ కాలుష్య లెక్కలను ఒక్క చోటికి చేర్చి, తర్వాత మొబైల్ యాప్‌లోనూ పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీల పొగ, మురుగు లెక్కలు ఆన్‌లైన్‌లో కనిపించడం మొదలయ్యాక పరిశోధకులు దేశవ్యాప్త ప్రయోగం చేశారు. పరిమితి దాటిన ఫ్యాక్టరీల మీద కొన్ని ఫిర్యాదులను గుట్టుగా, కొన్నింటిని సోషల్ మీడియాలో అందరికీ కనిపించేలా అధికారులకు పంపారు. బహిరంగ ఫిర్యాదులతో ఉల్లంఘనలు బాగా తగ్గాయి. గుట్టుగా పంపినవాటి ప్రభావం తక్కువ. పోస్టుకు లైకులు, షేర్లు ఎక్కువ కనిపిస్తే అధికారుల కదలిక ఇంకా పెరిగింది. తప్పు అదే, రుజువు అదే, అడిగిన మాట అదే. నలుగురూ చూస్తున్నారన్న ఒక్క తేడా ఫలితాన్ని మార్చింది.

భారత్‌లో వంతెన ఒక వైపే ఎక్కువగా కట్టారు. ప్రాజెక్టుకు అనుమతి రాక ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. అనుమతి వచ్చాక దాన్ని సవాలు చేయాలంటే హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లోగా వెళ్లాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులు దొరుకుతాయి. ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీయో గనియో నడుస్తుంది. ఆ కాలమంతా షరతులు పాటిస్తున్నారా అని చుట్టుపక్కల వాళ్లను కూర్చోబెట్టి అడిగే సభ ఏదీ అనుమతి ప్రక్రియలో తప్పనిసరి కాదు. ఆరు నెలల నివేదికలు బయట అందుబాటులో ఉండాలన్న నియమం ఉంది. వాటిని చదివి ఇది తప్పు అని ఒకరు రాస్తే ఏమవుతుందన్నది ఆ అధికారి మీదే ఆధారపడుతుంది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో పరిస్థితి భిన్నంగా ఉండటానికి కారణం, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు గ్రామసభల అభిప్రాయానికి నిర్ణయాత్మక విలువ ఇవ్వడం. ఆ ఏడాది 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది.

భారం ఎవరి మీద పడుతోంది

పౌర పర్యవేక్షణను మెచ్చుకునే రచనల్లో తక్కువగా కనిపించే విషయం ఖర్చు. ల్యాబ్ పరీక్షకు డబ్బు కావాలి, రీడింగు తీయడానికి పనిమానుకోవాలి. మొదటి ఉత్సాహం తగ్గాక వాలంటీర్లు జారుకోవడం సర్వసాధారణం. పెరూలో భత్యం ఇవ్వడం పథకంలో పక్క అంశం కాదు, దాని వెన్నెముక. నమీబియాలో 1996 చట్టంతో ఏర్పడ్డ సామూహిక వన్యప్రాణి సంరక్షణ ప్రాంతాల్లో స్థానిక కాపలాదారులు ఒక పుస్తకంలో జంతువుల కదలికలు, వేట సంఘటనలు నమోదు చేస్తారు. ఆ పద్ధతి ఇన్నేళ్లు నిలవడానికి ఒక కారణం వాళ్లకు వేతనం ఉండటం, ఇంకో కారణం ఆ పుస్తకం వాళ్లకే పనికి రావడం.

అందరికీ ఒకే స్థాయిలో కొలిచే శక్తి ఉండదు. అమెరికాలో ఇళ్ల సెన్సర్లు ఆదాయం ఎక్కువున్న పేటల్లో ఎక్కువగా, కాలుష్యం ఎక్కువున్న పేద పేటల్లో తక్కువగా ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. అలాంటి మ్యాపులో ఖాళీగా ఉన్న చోటును శుభ్రంగా ఉన్న చోటుగా పొరబడే ప్రమాదం ఉంది. ప్రభుత్వం తన తనిఖీ సిబ్బందిని తగ్గించుకుంటూ, ఆ పనిని ప్రజాభాగస్వామ్యం పేరుతో ఉచితంగా చేయించుకునే అవకాశమూ లేకపోలేదు.

అన్నిటికంటే పెద్దది ప్రాణభయం. హోండురాస్‌లో ఆనకట్టకు వ్యతిరేకంగా లెంకా ఆదివాసీలను కూడగట్టిన బెర్తా కాసెరెస్ 2015లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు. 2016 మార్చిలో ఆమెను ఇంట్లోనే హత్య చేశారు. దీనికంటే తక్కువగా కనబడే ఆయుధం కోర్టు. గెలవడం కోసం కాకుండా, అడిగినవారిని ఖర్చుతో, టెన్షన్‌తో అలసిపోయేలా చేయడానికి వేసే పరువునష్టం దావాలపై యూరోపియన్ యూనియన్ 2024లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఆర్హుస్ దేశాలు 2022లో పర్యావరణ రక్షకుల కోసం ప్రత్యేక ప్రతినిధిని ఎన్నుకున్నాయి.

కొలిచే ప్రభుత్వ సంస్థకే రక్షణ లేని సందర్భాలూ ఉన్నాయి. 2019లో అమెజాన్ నరికివేత పెరుగుతోందన్న లెక్కలపై బ్రెజిల్ అధ్యక్షుడు బహిరంగంగా అనుమానం వ్యక్తం చేశారు. లెక్కలను సమర్థించిన అంతరిక్ష పరిశోధన సంస్థ అధిపతి ఆగస్టులో పదవి కోల్పోయారు. ఉపగ్రహ చిత్రాలు అప్పటికే అందరికీ అందుబాటులో ఉండటంతో లెక్కను దాచడం మాత్రం కుదరలేదు. ప్రభుత్వ లెక్కకు పక్కన స్వతంత్రమైన ఇంకో లెక్క ఉండటం వల్ల కలిగే లాభం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

రాబోయే కాలంలో కొలతలకు కరువుండదు

సెన్సర్ల ధర తగ్గుతోంది, ఉపగ్రహాల చూపు పదునెక్కుతోంది. కాబట్టి సమాచారం లేదన్న వాదన క్రమంగా బలహీనపడుతుంది. చర్చ అంతా ఏ సమాచారానికి చట్టంలో విలువ ఉందన్న దాని మీదికి మళ్లుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ అనుభవం దీనికి ముందస్తు సూచనలా ఉంది. కార్చిచ్చుల పొగ ఎటు వెళ్తోందో చెప్పడానికి ప్రభుత్వ కేంద్రాలు చాలక, 2020లో ఆ సంస్థ ఇళ్ల మీది ప్రైవేటు సెన్సర్ల రీడింగులను తేమ సవరణతో సహా తన అధికారిక మ్యాపులోకి తీసుకుంది. ఈ రోజు పిల్లల్ని బయటికి పంపాలా వద్దా అని నిర్ణయించుకోవడానికి ప్రజలు ఆ మ్యాపు చూస్తున్నారు. అదే సెన్సర్, అదే కిటికీ. ఆ ప్రాంతం గాలి ప్రమాణాలను పాటిస్తోందా లేదా అని చట్టపరంగా తేల్చే లెక్కలో మాత్రం దాని రీడింగు ఇప్పటికీ చేరదు.